సర్వ్ వృక్షము – పేనుబంక

పేనుబంక అను మాటను పుట్టించిన రైతు ఎవరో గాని, ఒక పురుగు చరిత్రనంతయు ఒక్క సమాసములో ఇమిడ్చినాడు. పేను అనగా దాని ఆకారము, కదలక మెదలక ఒకచోట అంటుకొని రసము పీల్చు దాని నడత. బంక అనగా అది ఆకుపై విడుచు జిగట. జొన్న చేనులో, చిక్కుడు పందిరిపై, కుసుమ మొక్కపై ఈ జిగటను చేతితో తాకని పల్లెవాడు ఉండడు. బాలాపూర్ పరిసరములలో చేలు తగ్గి ఇండ్లు పెరిగినవి గాని, ఇచ్చటి ముసలివారిని కదిలించినచో “బంక పడ్డది” అను మాట నేటికిని వారి నోట వచ్చును. ఉర్దూ, హిందీ మాట్లాడువారు దీనిని తేలా అనియు, మాహూ అనియు అందురు. తేలా అనగానే నూనె జ్ఞప్తికి వచ్చును. మన రెండు భాషలును పురుగును గాక అది విడిచిన మెరుగునే ముందుగా చూచినవని మాకు తోచుచున్నది.

అయితే మేము ఈ వ్యాసమున చెప్పదలచినది చేలలోని పేనుబంకను గూర్చి కాదు. పైన్, దేవదారు, సర్వ్ మొదలగు శృంగాకార వృక్షములపై మాత్రమే బ్రదుకు పేనుబంకను గూర్చి. వేప, తుమ్మ, సీతాఫలము పెరుగు ఈ రాతిగుట్టల నేలలో దేవదారు మాట ఎందులకని విద్యార్థులు అడుగవచ్చును. కారణము మన ప్రహరీగోడ వెంటనే కలదు. అచ్చట వరుసగా నాటిన మోర్‌పంఖీ మొక్కలు, వృక్షశాస్త్రము తుజా అని పిలుచుచు వచ్చినవి, అసలైన శృంగాకార వృక్షములు. సర్వ్ వృక్షమునకు అవి దగ్గరి చుట్టములు. గత శీతకాలమున వాని రెమ్మలు కొన్ని గోధుమ వన్నెకు తిరిగినవి. ఘాటైన మందు కొట్టించవలెనని ఒక ప్రతిపాదనయు, కొత్త గోడ వెంట అదే మొక్కను మరియొక వరుస నాటించవలెనని మరియొక ప్రతిపాదనయు కళాశాల కమిటీ ముందు ఉన్నవి. ఈ రెండింటిపై నిర్ణయము జరుగకముందే మేము చూచినదియు చదివినదియు వ్రాయుట మంచిదని తలచితిమి.

ముందుగా ఆ మొక్కలపై ఏమున్నదో చెప్పెదము. డిసెంబరు మాసమున తోటమాలి చాచా ఒక రెమ్మను విరిచి తెచ్చి, “సార్, మోర్‌పంఖీకి పేన్లు పడ్డయ్, చీమలు ఊకె ఎక్కుతున్నయ్” అని చూపెను. లోపలి కొమ్మలపై, బెరడు రంగులో బెరడై, బూడిద పొడి చల్లినట్లు కనబడు పురుగుల గుంపులు ఉండెను. వీపుపై రెండు నల్లని పట్టీలు వెనుకకు పోవుచు ఒకదానికొకటి దగ్గరయగుచుండెను. భూతద్దము క్రింద చూచినచో ఆ వర్ణన సినారా తుజాఫిలినా అను జాతికి సరిపోయెను. ఇటలీ దేశపు దెల్ గ్వెర్చియో 1909లో దీనిని వర్ణించెను. తుజాను ప్రేమించునది అని దాని పేరునకు అర్థము. ఆ మొక్క చైనా, కొరియాల నుండి లోకమంతట తోటలకు ప్రయాణించినది. ఆ పురుగు మొక్క వెంటనే తానును ప్రయాణించినది. తోట అలంకారమునకు మొక్కను తెచ్చినవారెవరును దానిని పిలువలేదు.

దక్షిణ భారతమున సహజముగా పెరుగు శృంగాకార వృక్షము ఒక్కటే. పడమటి కనుమల అడవులలోని నగేయా వల్లిచియానా అను చెట్టు అది. దానికి సూదులు లేవు, వెడల్పాటి ఆకులు ఉండును గనుక చూచినవారు దానిని ఆ కుటుంబములో చేర్చుటకే సంశయింతురు. అరకు, చింతపల్లి కొండలపై కనబడు పైన్ తోటలు మనుష్యులు నాటినవి. అయినను ఈ గడ్డకు శృంగాకార వృక్షములు పూర్తిగా పరాయివి కావు. గోదావరి ప్రాణహితల లోయలో కోట అని పేరుగాంచిన శిలాస్తరములలో జురాసిక్ యుగపు రాక్షసబల్లుల ఎముకలు దొరకినవి. యామనపల్లి దగ్గర దొరకిన ఎముకలతో కూర్చిన కోటసారస్ అస్థిపంజరమును బిర్లా సైన్స్ సెంటరులో మన విద్యార్థులు చూచియే ఉందురు. ఆ జంతువు మెడ చాచి మేసిన కాలమున ఇచ్చట శృంగాకార వృక్షములు పెరిగెను. అవి అదే లోయలో శిలాజములై నిలిచినవి. తెలంగాణమున ఆ వంశము అంతరించి, తరువాత తోటమాలి చేతి మీదుగా మరల వచ్చినదన్నమాట.

ఇక సర్వ్ విషయము. ఉర్దూ విభాగపు మిత్రులకు ఈ చెట్టును గూర్చి మేము చెప్పవలసిన పని లేదు. పారసీక కవులు మొదలుకొని దక్కనీ కవుల వరకు ప్రియురాలి నిడుపాటి నిటారు రూపమునకు సర్వ్‌నే పోల్చిరి. ఆ కవులలో ఎందరు నిజమైన సర్వ్‌ను చూచిరో, ఎందరు మాటనే చూచిరో చెప్పలేము. ఎందుకనగా మన తీరప్రాంతమున సర్వి తోట, సరుగుడు తోట అని పిలువబడునది ఆ చెట్టు కాదు. ఆ తెలుగు మాటలకు మూలము పారసీక సర్వ్ పదమే అయి ఉండునని మా అభిప్రాయము. దూరము నుండి చూచిన వానికి రెండును నిటారుగా, సూదులతో, గాలికి ఈలవేయుచు ఒకే రీతిగా కనబడును. కాని సరుగుడు పుష్పించు మొక్క; ఆస్ట్రేలియా, ఆగ్నేయాసియాల తీరములది. దాని సూది ఆకు కాదు, సన్నని కొమ్మ. దానిని కణుపుల దగ్గర లాగినచో ముక్కలుగా ఊడివచ్చును. ప్రతి కణుపు చుట్టును చిన్న పండ్లవంటి పొలుసులు కనబడును. ఆ పొలుసులే ఆకులు. దాని కాయ చూచుటకు పైన్ కాయవలె ఉన్నను ఆ వంశమునకు చెందదు. కాగితపు మిల్లులకును, పందిళ్ళకును ఉపయోగపడు ఆ చెట్టు గౌరవము తగ్గించుట మా ఉద్దేశము కాదు. పేరు ఒకటైనంత మాత్రమున వంశము ఒకటి కాదని చెప్పుటయే.

మన రెండు భాషలును పొరబడిన ఈ విషయమున పేనుబంక పొరబడునా అని మాకు కుతూహలము కలిగెను. జనవరి మాసమున మూడు గాజు సీసాలలో తడి దూదిపై మూడు రెమ్మలు నిలిపితిమి: ఒకటి తుజా, ఒకటి సరుగుడు, ఒకటి చిక్కుడు. ఒక్కొక్కదానిపై గోడ వెంటనున్న మొక్కల నుండి తెచ్చిన రెక్కలు లేని పురుగులను పదేసి చొప్పున వదలితిమి. తుజా రెమ్మపై అవి గంటలోపల స్థిరపడినవి. నాలుగవ దినమునకు పిల్లలతో కూడి లెక్క పెరిగినది. సరుగుడు రెమ్మపై కొన్ని నిలిచి తొండము ఆనించి, మరల తీసి, సీసా అంచు వరకు నడచి వచ్చుచుండెను. మూడవ దినమునకు ఒక్కటియు బ్రదుకలేదు. చిక్కుడు రెమ్మపైనను అంతే. ఇది గొప్ప పత్రికలలో అచ్చువేయదగిన ప్రయోగము కాదు; డిగ్రీ రెండవ సంవత్సరపు విద్యార్థి వసతిగృహపు కిటికీలో చేయదగినది. కాని అందు పాల్గొన్న పిల్లలు ఆతిథేయి మొక్క అను పదమును మరల కంఠస్థము చేయనక్కర లేకపోయినది.

పేనుబంకకు ఈ పట్టుదల ఎందులకు? దాని భోజన విధానమును చూచినచో కొంత తెలియును. వెంట్రుక కంటె సన్ననైన సూదిని కణముల మధ్యగా నడిపించి అది పోషక కణజాలమును చేరును. చక్కెర ప్రవహించు ఆ నాళమును చేరువరకు దారిలో అనేక కణములను రుచిచూచి విడుచును. శృంగాకార వృక్షముల కణజాలము నిండ జిగురు, ఘాటైన తైలములు ఉండును. ఆ తైలములు ఇతర పురుగులకు విషము; వానికి అలవాటుపడిన పురుగునకు అవియే ఇంటి వాసన. పోషక రసములో చక్కెర మెండు, మాంసకృత్తులకు కావలసిన ఆమ్లములు తక్కువ. ఆ లోటును పేనుబంక దేహములోనే కాపురమున్న బుక్నెరా అను బాక్టీరియా చాలవరకు తీర్చును. ఈ సహజీవనములను జీవితమంతయు పరిశోధించిన జర్మన్ శాస్త్రజ్ఞుడు పాల్ బుక్నర్ పేరు దానికి పెట్టిరి. మిగిలిన చక్కెర వెనుకనుండి బిందువులై వెలువడును. అదియే బంక. దాని కొరకే చీమలు వచ్చును. దానిపైననే నల్లని మసి తెగులు పెరుగును.

జర్మనీ దేశపు అడవులలో తేనెటీగలు ఫర్, స్ప్రూస్ చెట్లపై ఈ బంకను సేకరించి ముదురు రంగు తేనె చేయును. దానిని పూదేనె కంటె ఎక్కువ వెలకు కొందురు. ధర్మగ్రంథములలో వినబడు మన్ను గూర్చియు ఈ సందర్భమున ఒక మాట. 1927లో సినాయి ఎడారికి వెళ్ళిన బోడెన్‌హైమర్ అను కీటకశాస్త్రజ్ఞుడు, అచ్చటి తామరిస్క్ పొదలపై పేనుబంకకు జ్ఞాతులైన పొలుసు పురుగులు విడుచు తీపి బిందువులే మన్ అని అభిప్రాయపడెను. ఈ అభిప్రాయమును ఒప్పుకొనుటయో త్రోసివేయుటయో వ్యాఖ్యాతల పని. సంగతి ఆసక్తికరమైనది గనుక చెప్పితిమి.

లోకమున పేనుబంక జాతులు సుమారు 5,000. అందు సినారా అను ఒక్క ప్రజాతిలోనే 200కు పైబడిన జాతులు కలవు. అవి అన్నియు శృంగాకార వృక్షములపైననే, అందును పైన్ కుటుంబము, సర్వ్ కుటుంబము ఈ రెండింటిపైననే బ్రదుకును. ఒకే పైన్ చెట్టుపై వీరు తగవులేకుండ పంచుకొన్న తీరు చూడదగినది. యూలాక్నస్ ప్రజాతి వారు సన్నగా పొడవుగా ఉండి సూది వెంట ఒరిగి కూర్చుందురు, తాకినచో పరుగెత్తుదురు. సినారా జాతులలో కొన్ని లేత కొమ్మలను, కొన్ని ముదురు బెరడును, కొన్ని వేళ్ళను ఎన్నుకొన్నవి. బెరడుపై నివసించు వానికి తొండము దేహముతో సమానమైన పొడవు కూడ ఉండును. వీరికి దాయాదులైన అడెల్జిడులు మరియొక వింత. అవి పిల్లలను కనవు, గ్రుడ్లే పెట్టును. స్ప్రూస్ చెట్టుపై అనాసపండు వంటి బొడిపెలు పుట్టించి, అచ్చటినుండి మరియొక శృంగాకార వృక్షమునకు వలసపోయి, తరములు గడచిన పిదప మరల స్ప్రూస్‌కే వచ్చును. మన దేశమున ఈ సంపద అంతయు హిమాలయములదే. భారతదేశ జంతుజాలమును గూర్చిన గ్రంథమాలలో ఈ సినారా వర్గమునకు ఏ. కె. ఘోష్ ఒక సంపుటమునే 1982లో కేటాయించెను.

సంతానము విషయమున వీని వేగము తెలియనిదే మందు కొట్టు ప్రశ్న అర్థము కాదు. 1740లో జెనీవా నగరమున చార్లెస్ బొనే అను ఇరువదేండ్ల యువకుడు అప్పుడే పుట్టిన పేనుబంకను ఒంటరిగా గాజు క్రింద ఉంచి, ప్రొద్దున మొదలు రాత్రి వరకు కాపలా కాచెను. మగదాని ముఖము చూడకయే అది మూడు వారములలో 95 పిల్లలను కనెను. అనిషేక జననము జంతులోకములో కలదని సందేహమునకు తావులేకుండ రుజువైనది ఆ కాపలా వలననే. పుట్టు పిల్ల కడుపులో అప్పటికే దాని పిల్లలు రూపుకట్టుచుండును. తల్లి, బిడ్డ, మనుమరాలు ఒకే దేహములో ఉన్నట్లు. మన తుజా పురుగు చాలచోట్ల మగవాని అవసరమే లేకుండ ఏండ్లకేండ్లు గడుపుచున్నది.

మరి ఇంత వేగముగా పెరుగునది, వేల చెట్ల జాతులున్న మన ఉష్ణదేశములలో విజృంభింపక చలిదేశములలో ఎక్కువ జాతులుగా ఏల విస్తరించినది? డిక్సన్, ఆయన సహచరులు 1987లో ఇచ్చిన సమాధానము మాకు నచ్చినది. పేనుబంక ఎగురుట గాలివాటము; ఆకలికి ఎక్కువ కాలము తాళలేదు. అడవిలో నూరు రకముల చెట్లు కలసి ఉన్నచో తన చెట్టును కనుగొనకముందే చచ్చును. ఒకే రకపు చెట్లు మైళ్ళకొలది ఉన్న ఉత్తరదేశపు అడవులలో ఎచ్చట వ్రాలినను ఇల్లే. ఈ సూత్రమును మన ప్రహరీగోడకు అన్వయించి చూడుడు. వరుసగా, ఆకుకు ఆకు తగులునట్లు నాటిన ఒకే జాతి మొక్కలు పేనుబంకకు వేసిన రాచబాట వంటివి. రెక్కలు కూడ అక్కరలేదు, నడచి పోవచ్చును.

సర్వ్ పుట్టినింటి పేనుబంక చేసిన పని ఒకటి మన కమిటీ పెద్దలు వినవలసినది. తూర్పు ఆఫ్రికా ఎత్తు భూములలో కలప కొరకు మెక్సికో దేశపు సర్వ్‌ను విస్తారముగా తోటలు వేసిరి. త్వరగా పెరిగెను, నిటారుగా పెరిగెను, అందరును సంతోషించిరి. 1986లో మలావీ దేశమున ఆ చెట్లపై ఒక సినారా కనబడెను. అచ్చటినుండి అది దేశము తరువాత దేశము దాటి 1990కి కెన్యా చేరెను. అది పీల్చిన రెమ్మ గోధుమ వన్నెకు తిరిగి ఎండుటయు, తుదకు చెట్టే చచ్చుటయు జరిగెను. 1990 వరకు ఆఫ్రికాలో చచ్చిన చెట్ల విలువ 4 కోట్ల 40 లక్షల డాలర్లనియు, పెరుగుదల తగ్గుట వలన ఏటేట మరి 1 కోటి 46 లక్షల డాలర్ల నష్టమనియు లెక్కకట్టిరి. నాటిన చెట్లతో అది ఆగినను బాగుండెడిది. మలావీ దేశపు జాతీయ వృక్షము, ములాంజే పర్వతముపై మాత్రమే పెరుగు ములాంజే సెడార్, సర్వ్ కుటుంబమునకే చెందినది గనుక పురుగు దానిని కూడ పట్టెను. తోటలో చేరిన అతిథి అడవిలోని ఇంటివానిని తినుట ఇది.

ఆ పురుగును మొదట యూరపులోని ఒక పాత జాతిగా భావించిరి. 1999లో వాట్సన్, వోగ్ట్లిన్ అను శాస్త్రజ్ఞులు అది వేరు జాతి అని తేల్చి సినారా కుప్రెస్సివోరా అని పేరిడిరి. దాని పుట్టుక తూర్పు గ్రీసు నుండి కాస్పియన్ సముద్రపు దక్షిణ ప్రాంతము వరకు, పారసీక కవులు పాడిన ఆ సర్వ్ వృక్షముపైననే అని వారు ఊహించిరి. ఆ ఇంట దానిని వేటాడు కందిరీగలును, ఇతర శత్రువులును ఉండును. ఆఫ్రికాకు వచ్చినప్పుడు అవి వెంట రాలేదు. అందువలన పౌయేసియా జునిపెరోరుమ్ అను చిన్న పరాన్నజీవి కందిరీగను వెదకి తెచ్చి 1994లో మలావీలో విడిచిరి. మందు చల్లి కాదు, శత్రువును పిలిచి పురుగును అణచుటయే మార్గమని అచ్చటివారు తెలిసికొనుటకు లక్షల చెట్లు పోవలసి వచ్చెను.

మన గోడ వెంటనున్నది ఆ జాతి కాదు. సినారా తుజాఫిలినా అంతటి హంతకి అని ఎవరును చెప్పలేదు. ఎండిన రెమ్మలన్నియు దాని చలువయే అని కూడ మేము అనము. పడమటి గోడ వేడికి, వేసవిలో నీరు అందకపోవుటకు కొంత భాగము ఇవ్వవలెను. అయినను రెండు ప్రతిపాదనలకును మా సమాధానము ఆఫ్రికా కథలోనే ఉన్నది. ఫిబ్రవరిలో మేము లెక్కించినప్పుడు ఆ గుంపుల మధ్య అక్షింతల పురుగులును, వాని ముళ్ళ పిల్లలును తిరుగుచుండెను. కొన్ని పేనుబంకలు ఉబ్బి, గోధుమ వన్నెకు తిరిగి, వీపున గుండ్రని రంధ్రముతో ఖాళీగా ఉండెను. కందిరీగ పిల్ల లోపల తిని బయటికి వెళ్ళిన గుర్తు అది. ఘాటైన మందు వీరినందరను ఒక్క దినమున చంపును. పదింటిలో ఒక పేనుబంక మిగిలినను వారములలో మరల గుంపు కట్టును. అక్షింతల పురుగు అంత త్వరగా పెరుగజాలదు. అప్పుడు మరల మందు, మరల ఖర్చు. చాచా ఇప్పటికే పైపుతో గట్టిగా నీరు కొట్టి రెమ్మలను కడుగుచున్నాడు. అవసరమైన చోట పలుచని సబ్బు నీరు చల్లవచ్చును. అంతకు మించి వలదని మా మనవి.

రెండవ వరుస విషయమున మేము ఇంకను గట్టిగా చెప్పెదము. కొత్త గోడ వెంట తుజా వలదు. వేప, కానుగ, సీతాఫలము, గోరింట, ఏదైనను సరే, కలిపి నాటవలెను. అందముగా ఉండదని ఒక పెద్దలు అన్నారు. కత్తిరించిన పచ్చని గోడ అందము మేము కాదనము. మా చిన్ననాట మోర్‌పంఖీ రెమ్మను పుస్తకపు పుటలలో దాచినచో చదువు వచ్చునని నమ్మినవారిలో మేమును ఒకరము. అందుచేతనే ఉన్న వరుసను పీకివేయుమని కోరుట లేదు. దానిని ఉంచుడు, నీరు పోయుడు, మధ్యమధ్య చచ్చిన మొక్క స్థానములో మరియొక జాతిని నాటుడు. మా మాట త్రోసివేయు అధికారము కమిటీకి ఎట్లును కలదు. వినుటకు ఈ సంచిక ఒక అవకాశము మాత్రమే.

ఈ పురుగును స్వయముగా చూడదలచిన విద్యార్థులకు ఒక సూచన. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు గోడ నీడవైపున లోపలి కొమ్మలను తెరచి చూడవలెను. ఎండలు ముదిరిన పిదప రెమ్మలు శుభ్రముగా కనబడును. మందు కొట్టించిన చోట ఆ కీర్తి మందుకే పోవును. కాని వేడికాలమున ఈ జాతి చెట్టును దిగి వేళ్ళను చేరు స్వభావము కలది. కాబట్టి ఏప్రిల్‌లో వెదకువారు కొమ్మలను విడిచి, చీమల బారు మొక్క మొదట ఎచ్చట మట్టిలోనికి దిగుచున్నదో గమనించి, అచ్చట రెండంగుళముల మట్టిని మెల్లగా తొలగింపవలెను.